ఈనాక్ వేళ్ళకు చిక్కిన కోటు

ఈనాక్ బెయిర్‌స్టోకి మనుషుల మాట మీద నమ్మకం లేదు, బట్ట మీద ఉంది. ఎదురుపడ్డవాడు పలకరించేలోపే వాడి కోటు చేతిని రెండు వేళ్ళ మధ్య నలిపి జాతకం చెప్పేసేవాడు. “కొత్త ఉన్ని అన్నాడా దుకాణంవాడు? పదింట ఆరు పాళ్ళు పాతది. నిన్ను ముంచాడు.” బాట్లీ ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు కూడా ఆయన్ని చూస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవారు.

ఆయన నలభై ఏళ్ళుగా ఉన్ని మిల్లు గుడ్డల కొట్లో పాత గుడ్డలు ఏరుతున్నాడు. ఎక్కడి చింపిరి గుడ్డయినా అక్కడికే వచ్చేది. మరలో పడి పీచయ్యేది. కాస్త కొత్త ఉన్ని కలుపుకుని మళ్ళీ బట్టయ్యేది. ఆ బట్ట పేరు షాడీ. లోకం మాత్రం ఆ పేరును తిట్టుగా వాడుకుంది. పని నాసిగా ఉంటే షాడీ, మాట నిలబెట్టుకోకపోతే షాడీ.

ఒక ఆదివారం కొత్త పాస్టరు “మన భక్తి షాడీ భక్తి కాకూడదు” అన్నాడో లేదో, మూడో వరసలో ఈనాక్ లేచాడు.

“షాడీ మీకేం అపకారం చేసిందయ్యా?”

“నా ఉద్దేశం... నాసిరకం అని...”

“మర కింద రాలే పీచుకి మా తాతలు పెట్టిన పేరది. సముద్రం అవతల యుద్ధంలో దొంగ వ్యాపారులు ఆ పేరుతో చెత్త అమ్మారు. సిపాయిల బట్టలు వానకి ఊడిపోయాయి. తప్పు వాళ్ళది, పరువు పోయింది మాది. ఏదీ, చెయ్యి ఇటివ్వండి.”

పాస్టరు ఇచ్చాడు. పాపం, ఊరికి కొత్త.

“సగానికి సగం షాడీ. పదేళ్ళు మన్నుతుంది. ఇక కానివ్వండి ప్రసంగం.”

మిల్లులో ఆయన పక్క బల్ల దగ్గర గుడ్డలు ఏరే ఈడిత్ ఆ రోజు అందరికన్నా ఎక్కువ నవ్వింది. విట్ ఆదివారం దగ్గరపడేసరికి ఆ నవ్వు పోయింది. అది పిల్లల కొత్తబట్టల పండగ. గడపగడపకీ వెళ్ళి చూపించుకోవాలి, తర్వాత బ్యాండు వెనక ఊరేగాలి. పాత బట్టల పిల్ల చివర నిలబడాలని ఎక్కడా రాసి లేదు, అయినా నిలబడుతుంది.

ఈడిత్ భర్త చలికాలంలో పోయాడు. మిగిలింది ఆయన కోటు. దాన్ని విప్పి, లోపలి వైపు పైకి తిప్పి, ఏడేళ్ళ కూతురు విన్నీకి కోటు కుట్టింది. లీడ్స్‌లో కొన్నానని వీధంతా చెప్పింది. విన్నీకీ అదే చెప్పింది.

బట్టల దుకాణం మిసెస్ పోలార్డ్ ఊరుకోలేదు. “లీడ్స్‌లో ఎక్కడ, ఈడిత్?”

“స్టేషన్ దగ్గర.”

“స్టేషన్‌కి ఏ వైపు?”

ఈడిత్ భయం ఆమెను చూసి కాదు, ఈనాక్‌ను చూసి. ఆ మనిషికి షాడీ అంటే పొగడ్త. సంతోషం పట్టలేక అరిచి మరీ చెబుతాడు. పైగా వారం నుంచి ఒకటే ఆరా. “పిల్ల కోటు రంగేమిటి? బరువుందా?” ఇంత ఆరా ఎందుకు? పోలార్డ్ పురమాయించిందా?

ఆదివారం పొద్దున బ్యాండు ముందు జనమంతా చూస్తుండగా మిసెస్ పోలార్డ్ పిలవనే పిలిచింది. “ఈనాక్, నీ వేళ్ళు ఈ కోటు మీద ఒకసారి పెట్టు.”

ఈనాక్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. విన్నీ దర్జాగా చెయ్యి చాచింది. ఆయన నలిపాడు. కుట్టు దగ్గర ఆగాడు. మళ్ళీ నలిపాడు.

“కొత్త ఉన్ని,” అన్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా ముఖం పెట్టి. “ఒక్క షాడీ పోగు లేదు.”

“అదేమిటి! తిప్పి కుట్టిందని కంటికే కనబడుతుంటే—”

“అమ్మా, మీ చెయ్యి ఇటివ్వండి.”

“నాదెందుకు?”

“మీ ఒంటి మీదున్నదీ మీ కొట్లో కొత్తదని అమ్మేదీ ఒకే తానులోది కదా. నలుగురూ ఉన్నారు, తేల్చేద్దాం.”

మిసెస్ పోలార్డ్ చేతులు రెండూ జేబుల్లోకి దూరాయి. ఈనాక్ జనం వైపు తిరిగాడు. “ఇంకెవరికైనా అనుమానమా?” వీధిలో ఒక్క చెయ్యి కనబడితే ఒట్టు.

బ్యాండు కదిలింది. విన్నీ మొదటి వరసలో నడిచింది.

“ఈనాక్ మామా,” అంది ఈడిత్ గొంతు తగ్గించి, “తెలిసిందిగా?”

“తెలియకేం. మీ ఆయన కోటు. నాలుగింట మూడు పాళ్ళు షాడీ. బంగారం లాంటి బట్ట.”

“మరి వారం నుంచి ఆ ఆరా ఏమిటి?”

“మీ ఆయన కోటేనని ముందే తేలితే కదా సాధన చేసుకునేది? అద్దం ముందు నిలబడి ‘కొత్త ఉన్ని’ అనడం నేర్చుకున్నానమ్మాయ్. నాలుగో రోజుకి గానీ నోరు తిరగలేదు.”