కంటి గుడ్డ

మా అమ్మమ్మ రెబ్కాది పెద్ద గొంతు. పెదకాకాని పక్క మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి జోడీల పేర్లు పిలుస్తుంటే, రోడ్డు మీద పోయే బస్సు డ్రైవరు తననే పిలిచారనుకుని బ్రేకు వేసేవాడు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే పాస్టరు గారు మైకు కట్టేసేవారు, కరెంటు దండగని. నేను పదో తరగతి లెక్కల దగ్గర ఆగిపోయి అదే ముఠాలో చేరాను. అందువల్ల ఆ గొంతు నాకు ఇంట్లోనూ తప్పలేదు, పనిలోనూ తప్పలేదు.

అంత గొంతూ ఒకరోజు ఒక పేరు పిలవలేదు.

మా పనిలో ఎవరూ ఒంటరిగా కూర్చోరు. కాయల గుట్టకు ఇద్దరు, ఎదురెదురుగా. చేతులకు ఎంత ఆముదం రాసుకున్నా కాసేపటికి ఘాటు ఎక్కేస్తుంది. ఆ చేత్తో కన్ను ముట్టుకుంటే ఆ రోజుకి పని అయిపోయినట్టే. అందుకని ప్రతి మనిషికీ ఒక తెల్ల గుడ్డ ఉంటుంది. దాన్ని తన దగ్గర పెట్టుకోదు, జోడీకి ఇస్తుంది. కన్ను మండినప్పుడు జోడీ ఆ గుడ్డను పై మడత పట్టుకుని తీసి, చెయ్యి తగలని లోపలి మడతతో తుడవాలి. ఎవరిది వాళ్ళే తుడుచుకోవచ్చుగా అంటారేమో. కళ్ళు మండేవాళ్ళకు ఏది పై మడతో ఏది లోపలిదో కనపడదు.

నేను పుట్టకముందు నుంచీ అమ్మమ్మకు జోడీ కరీమున్నమ్మ. ఆమె ఇల్లు కోల్డ్ స్టోరేజీకి ఎదురుగా, రోడ్డుకు అవతల.

"ఒసే కరీమూ, కన్ను పోతోందే!" అని అమ్మమ్మ అరిచేది.

"పోతే పోనీ అక్కా, రెండోది ఉందిగా" అంటూనే కరీమున్నమ్మ తుడిచేది.

ఇలా ఉండగా ఎక్కడో ఎడారి దేశాల మధ్య యుద్ధం ముదిరింది. ఓడలు ఆగాయి. మిర్చి కొనేవాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. కోల్డ్ స్టోరేజీల్లో పాత మిర్చి బస్తాలు, మా భాషలో టిక్కీలు, అవే కదల్లేదు, కొత్త పంటకు చోటు లేదు. డీజిలు ధర మండిపోయింది, యూరియా దొరకలేదు, పత్తి మిల్లు మూతపడింది. మా ముఠాకు వారంలో రెండు రోజులు పని దొరికితే గొప్ప.

ఎరువుల కొట్టు వెంకటరత్నం కొడుకు శ్రీధర్, అమ్మడానికి సరుకు లేక షట్టరు దించేశాడు. ఖాళీగా ఉన్న కుర్రాళ్ళంతా ఆ షట్టరు ముందు చేరారు. మొదట్లో ఫోనుల్లో యుద్ధం చూసేవాళ్ళు. తర్వాత మోటారు సైకిళ్ళకు జెండాలు కట్టుకుని 'మన నేల సేన' అని పేరు పెట్టుకున్నారు. శ్రీధర్ మైకు పట్టుకుని, "ఓడలు ఆపింది ఎవరు? వాళ్ళ దేశాలు! మరి వాళ్ళకు ఇక్కడ పనేంటి?" అని అడిగేవాడు. ఆకలి మీద ఉన్నారేమో, జనం చప్పట్లు కొట్టేవారు. స్టోరేజీ యజమాని గొడవెందుకని, సేన చెప్పిన ముఠాలకే పని ఇస్తానన్నాడు.

ఒక సాయంత్రం శ్రీధర్ మా ఇంటికొచ్చాడు. చిన్నప్పుడు మా వాకిట్లో జారిపడితే అమ్మమ్మే "ఏరా, కళ్ళు నెత్తికెక్కాయా?" అని తిట్టి మోకాలికి పసుపు పెట్టిన పిల్లాడు. ఆరోజు మాత్రం "కూర్చో బాబూ" అంది. మాకు ఎప్పుడూ తీయని కొత్త గ్లాసులో టీ ఇచ్చింది.

"రెబ్కమ్మా, మీ మీద మాకేం లేదు. మీ ముఠాలో వాళ్ళను తీసేయండి, పని ఇప్పిస్తా" అన్నాడు.

మా ముఠాలో వాళ్ళంటే కరీమున్నమ్మ ఒక్కతే.

అతను వెళ్ళాక నేనన్నాను: "కరీమున్నమ్మ సముద్రం చూసిందే ఒక్కసారి, సింగరాయకొండ అవతల పాకల బీచిలో. కాళ్ళ చెప్పులు కొట్టుకుపోతుంటేనే ఆపలేకపోయింది. ఓడలేం ఆపుతుంది అమ్మమ్మా?"

ఇంకెప్పుడైనా అయితే పడిపడి నవ్వేది. "నోర్ముయ్యవే. ముఠాలో ఇంతమంది కడుపులున్నాయి" అంది.

మర్నాడు గేటు దగ్గర కరీమున్నమ్మ క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. అమ్మమ్మ ఎప్పట్లా తన పేరుతోనే మొదలుపెట్టి పిలిచింది: "రెబ్కా, నాగజ్యోతీ!" తర్వాత మిగతా జోడీలను. అందరూ లోపలికి పోయారు.

"అక్కా, నన్ను మరిచిపోయావా?" అంది కరీమున్నమ్మ.

అమ్మమ్మ గేటు గొళ్ళెం వైపు చూస్తూ, "పని తక్కువుంది కరీమూ. తర్వాత చెబుతా" అంది. పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు. ఆమెకు అంత చిన్న గొంతు కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

నాగజ్యోతికి అమ్మమ్మ వేరే గుడ్డ ఇచ్చింది గానీ, ఆమెకు మడతల సంగతి పట్టదు. మూడోనాడు పై మడతతోనే తుడిచింది. అమ్మమ్మ కన్ను మైసూరు బోండాలా పొంగింది. ఎవరడిగినా నాగజ్యోతిని తప్పు పట్టలేదు. "నాకు కావలసిందే" అనేది.

కరీమున్నమ్మ గుడ్డ ఇంకా అమ్మమ్మ బొడ్లోనే ఉండేది. సాయంత్రం కాగానే దాన్ని వేరే బకెట్టులో ఉతికి ఆరేసేది.

"వాడని గుడ్డకు మురికెక్కడిది అమ్మమ్మా?" అన్నాను ఆటపట్టిస్తూ.

అమ్మమ్మ గుడ్డను మళ్ళీ బకెట్టులో ముంచింది. ఇంకోసారి జాడించింది.

సేన వచ్చినా ఓడలు కదల్లేదు, పనీ పెరగలేదు. పైగా కష్టకాలం కాబట్టి కూలి తగ్గించుకోవాలని శ్రీధరే వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆ ఆదివారం చర్చిలో అమ్మమ్మ పాట ఎత్తుకోలేదు. ప్రార్థన అయిపోగానే నన్ను తోడు తీసుకుని రోడ్డు దాటింది.

కరీమున్నమ్మ గుమ్మంలో కూర్చుని ఎవరిదో చింతపండు గింజలు తీస్తోంది. నాకు పీట వేసింది. అమ్మమ్మకు వేయలేదు. లోపలికెళ్ళి, ఉతికి మడతపెట్టిన అమ్మమ్మ గుడ్డ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"నీది తీసుకో. నాది నాకిచ్చెయ్."

మా పనిలో గుడ్డలు తిరిగి ఇచ్చుకున్నారంటే జోడీ విడిపోయినట్టు.

"ఇంట్లో మరిచిపోయా" అంది అమ్మమ్మ. గుడ్డ కొస బొడ్లోంచి బయటికే కనపడుతోంది.

కరీమున్నమ్మ అటు చూసింది. "అబద్ధం కూడా ఊరంతా వినపడేలా చెప్పేదానివి. గొంతుకేమైంది అక్కా?"

"తప్పు చేశానే. రేపు రా, పిలుస్తా."

"ఎవరి ముందు పిలుస్తావ్?"

"వాళ్ళ ముందే."

"ఆరోజు కూడా గేటు ముందే నిలబడ్డాగా, పిలిచావా?" అని లోపలికెళ్ళిపోయింది. చింతపండు గుమ్మంలోనే ఉండిపోయింది.

సోమవారం సేన కుర్రాళ్ళు గేటు దగ్గరే బళ్ళ మీద కూర్చున్నారు. అమ్మమ్మ ఊపిరి పీల్చుకుని పిలిచింది: "రెబ్కా, కరీమున్!"

శ్రీధర్ బండి దిగాడు. "ఏంటిది రెబ్కమ్మా?"

"ఏరా, నా జోడీని నేను పిలుచుకోడానికి నిన్నడగాలా?"

కరీమున్నమ్మ రాలేదు. ఆమె ఇంటి తలుపు తీసే ఉంది గానీ గుమ్మంలో ఎవరూ కనపడలేదు. మధ్యాహ్నానికల్లా యజమాని అమ్మమ్మ మేస్త్రి పని తీసి నాగజ్యోతికి ఇచ్చాడు.

ఇప్పుడు అమ్మమ్మ ఒక గుట్ట దగ్గర ఒంటరిగా కూర్చుంటుంది. కళ్ళు ధారలు కడుతుంటాయి. తుడుచుకోదు.

"ఏడుస్తున్నావా?" అన్నాను ఒకరోజు.

"ఏడిస్తే తప్పేంటే?"

"నేనొచ్చి నీకు ఎదురుగా కూర్చోనా?"

"పోవే, నాకు జోడీ ఉంది."

రోజూ పొద్దున్నే నాగజ్యోతి పేర్లన్నీ పిలవడం అయ్యాక, వెనక వరసలోంచి అమ్మమ్మ ఒక్క పేరు పిలుస్తుంది. వాచ్‌మన్ గేటు మూయబోయేదాకా లోపలికి రాదు. కరీమున్నమ్మ ఇల్లు రోడ్డుకు అవతలే. వినపడకుండా ఉండదు.