కూత ఆగిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు ఆదివారమంటే నాకు గిట్టేది కాదు. అమ్మ పోయిన తరువాత ఇంట్లో మిగిలింది నేనూ నాన్నే. నాన్న కృష్ణగిరి పక్కన ఒక చిన్న పోలీసు స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్. బడి లేని రోజు నన్నెక్కడ వదలాలో తెలియక, వెంట తీసుకుపోయి స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. అక్కడందరూ తమిళం వాళ్లు. నాకా భాష సరిగా రాదు. వచ్చినా ఎనిమిదేళ్ల పిల్లతో మాట్లాడే తీరిక ఎవరికుంది? పొద్దంతా రోడ్డు మీద వచ్చే పోయే బస్సులను చూస్తూ ఉండేదాన్ని.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక కాలేజీ అబ్బాయిని ఈడ్చుకొచ్చారు. చెడుగుడు ఆటగాడు. మోకాళ్ల నిండా మైదానం మట్టి. పోటీలో ఓడిపోయి, ఎక్కడో సారాయి మితిమీరి తాగి, బస్టాండులో గొడవ చేసి, అడ్డుపోయిన కానిస్టేబుల్ని కింద పడేశాడట. ఆ కానిస్టేబుల్ మోచెయ్యి చీరుకుపోయి ఉంది. ఎంత అరిచి అడిగినా అబ్బాయి బదులు చెప్పకపోయేసరికి పొగరనుకుని ఆయన లాఠీ ఎత్తాడు. నాన్న ఆ లాఠీని పట్టుకుని ఆపి, అబ్బాయి కళ్లలోకి చూసి, "యాడప్పా మీ ఊరు?" అని తెలుగులో అడిగాడు.

"వేప్పనపల్లి" అన్నాడు వాడు, నాలుక మడతపడుతుంటే. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి ఆ ఒక్క మాటకే వెక్కి వెక్కి ఏడ్చాడు. స్టేషన్లో నాన్న కాక ఇంకొకరి నోట మా భాష వినడం నాకదే మొదలు.

లాకప్పులో పడేస్తే పొద్దునకు దిగిపోతుంది, ఇంత కండ ఉన్నవాడికి ఏమవుతుందని మిగతావాళ్లు అన్నారు. ఒకాయన నిమ్మకాయ పిండిన మజ్జిగ తెచ్చాడు. నాన్న రెండూ వద్దన్నాడు. మింగే తెలివి లేని మనిషికి ఏం పోసినా ఊపిరికి అడ్డం పడుతుందని, కేసు రేపైనా రాయొచ్చని, ముందు మనిషి మిగలాలని తమిళంలో గట్టిగా చెప్పాడు.

జీపు హోసూరు పోయి ఉంది. ఆసుపత్రికి ఫోను చేయించి, బండి వచ్చేదాకా వాడిని వరండాలోనే పక్కకు తిప్పి పడుకోబెట్టి, నాన్న నేల మీద కూర్చున్నాడు. వాడు మత్తులోకి జారినప్పుడల్లా భుజం తట్టి, "కూత పెట్టప్పా! కూత ఆపితే అవుటు!" అని, తానే "చెడుగుడు చెడుగుడు" అంటూ మొదలుపెట్టేవాడు. వాడు ముద్దముద్దగా అందుకునేవాడు. ఖాకీ బట్టల్లో ఆ వయసు మనిషి చతికిలబడి కూత పెడుతుంటే కానిస్టేబుళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

కాసేపటికి వాడి కూత ఆగింది. ఎంత తట్టినా పలకలేదు. పెదవులు నీలంగా మారాయి. నాన్న ఇక బండి కోసం చూడకుండా రోడ్డు మీదికి పరుగెత్తి, మామిడికాయలతో పోతున్న టెంపోను ఆపాడు. మోచెయ్యి చీరుకుపోయిన కానిస్టేబులే అందరికంటే ముందు వచ్చి వాడి కాళ్లు పట్టి ఎత్తాడు. నాన్న వాడి తలను ఒళ్లో పక్కకు తిప్పి పట్టుకుని వెళ్లిపోయాడు. నా వైపు ఒక్కసారైనా చూడలేదు.

సాయంత్రం దాకా నేనా బెంచీ మీదే ఉన్నాను. ఎవరో బన్ను ఇచ్చారు, తినలేదు. ముక్కూ మొహం తెలియని తాగుబోతు కోసం నన్ను మరిచిపోయాడనుకున్నాను. నాన్న చొక్కా నిండా వాంతి మరకలతో తిరిగొచ్చి, వాడు బతుకుతాడని డాక్టరు చెప్పాడన్నాడు. నేను మొహం తిప్పుకుని, "నాకంటే వాడే ఎక్కువైనాడా నీకు?" అన్నాను.

నాన్న వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"ముందొకసారి ఒకాయన్ని ఇట్లే పట్టుకొస్తే, పండుకుంటే దిగిపోతాదిలే అని లోపలేసి తలుపేసినానమ్మా. గురక వినిపిస్తా ఉండింది, బాగుండాడులే అనుకుంటిని. పొద్దున పోయి చూస్తే పానం లేదు. మీయమ్మకు కూడా చెప్పలేదు ఈ మాట."

తరువాత లేచి, కొళాయి దగ్గర చొక్కా ఉతుక్కున్నాడు.

బస్టాండు గొడవకు కేసు రాయకుండా మాత్రం ఉండలేదు నాన్న. కానీ అబ్బాయి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ పోయి పక్కన కూర్చునేవాడు. కాలేజీ నుంచి ఒక్కరూ రాలేదు.

పెద్దయ్యాక నేను హోసూరులో ఒక హాస్టల్‌కు వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. తాగి పడిపోయిన పిల్లలను తిట్టాను, ఇళ్లకు కబురు పెట్టాను. నిద్రపోతే సరిపోతుందని వాళ్ల స్నేహితులు ఎంత చెప్పినా, ఒక్కరినీ ఒంటరిగా గదిలో వదిలి రాలేదు. నాన్న పోయి చాలాకాలమైంది. లాకప్పులో చనిపోయిన ఆ మనిషి ఎవరో, ఆయన కోసం ఏ ఊళ్లో ఎవరు ఎదురుచూశారో నాన్న చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన్ని తలుచుకోవడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. పేరు కూడా తెలియదు.