చిన్నాయిన కాలు వెనక్కి తీసుకున్న గురువారం

మొన్న ఈస్టరుకు ముందటి గురువారం నల్గొండలో మా గుడికి వెళ్తే, ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా కాళ్లు కడిగించుకునే పన్నెండు మందిలో నన్నూ కూర్చోబెట్టారు. రిటైరైన నర్సమ్మనని గౌరవం కాబోలు. ఫాదరుగారు గోరువెచ్చని నీళ్లు పోసి తెల్లటి తువ్వాలుతో తుడుస్తుంటే చుట్టూ సెల్‌ఫోన్లు లేచాయి. అందరం ఇంట్లో సబ్బుతో రుద్దుకుని వచ్చినవాళ్లమే కనుక పళ్లెంలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మా నాన్న, బాపు గుర్తొచ్చాడు.

మా ఊరు కట్టంగూరు దగ్గర. ఫాదరుగారికి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగాల్సి ఉండేది కాబట్టి, ఆయన రాలేని ఏడు ఆ పని ఊళ్లో ప్రార్థనలు నడిపించే ఉపదేశి అయిన మా బాపుదే. ప్రార్థన చెప్పడమంటే ఆయనకు ప్రాణం. "రాజుల రాజు" అని ప్రభువు మాట ఎత్తుకున్నాడంటే గుడి రేకులు అదరాల్సిందే. ఇంటికొకరు చొప్పున వంతులవారీగా పన్నెండు మందీ పొలం నుంచి నేరుగా, కాళ్లు కడుక్కోకుండా రావాలని ఆయన పెట్టిన నియమం.

తెలంగాణ వచ్చిన కొత్తలో, వానలు మొహం చాటేసిన ఏడు, యాసంగి పంట కాలం అది. బాపుకూ ఆయన తమ్ముడైన మా చిన్నాయినకూ కలిపి ఒకటే బోరు, అదీ బాపు పాలికి వచ్చిన జాగాలో ఉంది. రోజు విడిచి రోజు ఒకరి మడికి నీళ్లు. బోరు సన్నగా పోసేసరికి, తన వరి పొట్టదశలో ఉందని బాపు తమ్ముడి వంతు ఆపేశాడు. ఎంత భక్తిపరుడైనా రైతు రైతే కదా! చిన్నాయిన మడి నెర్రెలిచ్చింది. ఇంకో తడి అందకపోతే ఆ వరి పశువుల మేతకే. రెండిళ్ల మధ్యా మాటలు పోయాయి.

ఆ ఏడే ఫాదరుగారు రాలేదు, ఆ ఏడే చిన్నాయిన ఇంటి వంతు. రాడనే అనుకున్నాం. సెలవు మీద ఊరికి వెళ్లిన నేను, ఆయన వచ్చి వరస చివర కూర్చోవడం చూసి కొట్లాటకే వచ్చాడనుకున్నాను. బాపు మోకాళ్ల నొప్పులతో ఒక్కొక్కరి ముందూ కూలబడుతూ, లేస్తూ, చివరికి తమ్ముడి ముందుకొచ్చాడు. మిగతావాళ్ల కాళ్లకు బురద; చిన్నాయిన కాళ్లకు ఉత్త దుమ్ము. బాపు చెంబెత్తగానే ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"రాజుల రాజు కాళ్లు కడిగిండని ఏటా చెప్తవు గదనే అన్నా. గా నీళ్లేవో నా మడిల పొయ్యరాదు?"

ఎవరో గదమాయించబోతే బాపు చెయ్యెత్తి ఆపాడు. ఆయన మెడ ఎర్రబడటం నాకు కనబడుతూనే ఉంది. బాపు కోపం ఎరిగినదాన్ని కనుక చెంబు విసిరికొడతాడనే అనుకున్నాను. ఆయన చెంబు కింద పెట్టి లేచాడు.

"నడువ్, పోదాం."

ప్రార్థన సగంలో వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా పొలం వైపు నడిచాడు. వెనక తమ్ముడు, ఆ వెనక మేమంతా. పైపు తమ్ముడి మడికి తిప్పి, నీళ్లు నెర్రెల్లోకి దిగుతుంటే, అక్కడే వంగి తమ్ముడి కాళ్లు కడిగాడు. చిన్నాయిన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడు బాపు వరి సగం తాలైపోయింది. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఎన్నో ప్రార్థనలు విన్నాను కానీ, రాజంటే ఎవరో నాకు అర్థమైంది ఆ గట్టు మీదే.

ఇద్దరూ పోయారు. ఇప్పుడు మా తమ్ముడికి ఒక బోరు, చిన్నాయిన కొడుక్కి ఒక బోరు. పోట్లాటే లేదు. నీళ్ల కోసం ఒకరినొకరు అడగాల్సిన పని లేదు, ఒకరి గడప ఒకరు తొక్కి ఏళ్లవుతోంది.