తీగలక్క పెట్టని సంతకం

తీగలక్క నోరు మంచిది కాదని వర్క్‌షాపులో అంటారు. నోరు మంచిదే, కాకిలెక్కలంటేనే ఆవిడకి పడదు. ఉపగ్రహంలో ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ మధ్య తీగలు కోసి, కట్టలు కట్టి బిగించడం పందొమ్మిదేళ్లుగా ఆవిడ పని. పైన డిజైన్ విభాగం పంపే కాగితాల్లో తీగల బరువు ఏనాడూ సరిగ్గా ఉండేది కాదు. చెబితే నీ పని నువ్వు చూసుకోమనేవాళ్లు. సరే, మీ పనే నేర్చుకుంటాను పొమ్మని నలభై నాలుగు దాటాక అంతరిక్ష నౌకల డిజైన్ కోర్సులో చేరింది.

రెండేళ్లు సాయంత్రం క్లాసులు. కక్ష్యల లెక్కలు కాలేజీలో చదివే కూతురి పక్కన కూర్చుని నేర్చుకుంది. నిన్ననే చెప్పాను కదమ్మా అని అది విసుక్కుంటే, నీకు నడక నేర్పినప్పుడు నేనెన్నిసార్లు విసుక్కున్నానో చెప్పవే అని నోరు మూయించేది. కోర్సు పాసైతే డిజైన్ విభాగంలోకి తీసుకుంటారు. కాకపోతే నలభై ఏడు నిండేలోపు పాసవ్వాలి. చివరి పరీక్ష నాటికి ఆవిడకి మిగిలింది రెండు నెలలు.

ఆ పరీక్షకి ఐదుగురు కలిసి ఒక చిన్న ఉపగ్రహాన్ని కాగితం మీద తయారుచెయ్యాలి. పన్నెండు కిలోలు దాటకూడదు. అందరూ టాపరమ్మ అని పిలిచే జట్టు నాయకురాలు ముచ్చటపడి రెండు కెమెరాలు పెట్టింది. తీగలకి పుస్తకంలో ఉన్నట్టే నూటికి ఆరు వంతులని ఏడు వందల ఇరవై గ్రాములు రాసి పడేసింది. మొత్తం పదకొండు కిలోల ఎనిమిది వందలు. అది చాలదమ్మా అని తీగలక్క చెవినిల్లు కట్టుకుని పోరినా ఎవరూ చెవిన పెట్టలేదు.

ఊరుకుంటుందా మరి! ఇంట్లో చెప్పుల అట్టపెట్టెలు కోసి, అసలు కొలతలతో ఉపగ్రహం నిలబెట్టింది. స్టోర్లో అడిగి తెచ్చుకున్న పాత తీగలు మూలమూలా తిప్పి, వంపుల దగ్గర వదులిచ్చి, విప్పి మళ్లీ బిగించడానికి కాస్త పొడవు ఉంచి, కొసలకి కనెక్టర్లు తొడిగింది. ఆ కట్టంతా తీసి వంటింటి త్రాసులో పెడితే పదమూడు వందల నలభై గ్రాములు. అంటే ఉపగ్రహం పన్నెండు కిలోలు దాటి ఇంకో నాలుగు వందల ఇరవై గ్రాములు. అరకిలో ఉన్న రెండో కెమెరా తీసెయ్యాల్సిందే.

టాపరమ్మ ఒంటికాలి మీద లేచింది. పాత అంకెతోనే బరువుల పట్టిక తయారుచేసింది. దాని మీద ఐదుగురూ సంతకం పెడితేనే పరీక్ష జరుగుతుంది. తీగలక్క ససేమిరా అంది. కోర్సు చెప్పే మాస్టారు పక్కకి పిలిచి నచ్చజెప్పారు. పెట్టకపోతే పరీక్ష మూడు నెలలు వెనక్కి పోతుందనీ, నీ వయసు దాటిపోతుందనీ, అయినా ఇది నిజంగా ఎగిరేది కాదు కదా అనీ.

"ఎగరనిదాని మీదే అబద్ధం సంతకం పెడితే, రేపు ఎగిరేదాని మీద నా సంతకం ఎవరు నమ్ముతారు సార్?" అంది.

పరీక్ష రోజున, సంతకం ఎందుకు పెట్టలేదో చూపించడానికి, అట్టపెట్టెల ఉపగ్రహాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది. పరీక్షకులు తీగలు తూచి చూశారు. పట్టిక దిద్దుకుని మూడు నెలల తర్వాత రమ్మన్నారు. ఇంటికొచ్చాక మాత్రం తీగలక్క ఏడ్చింది, కడుపు మండి ఏడ్చింది. మూడు నెలలకి టాపరమ్మే కెమెరా తీసేసింది, తీగలక్క మొదటి సంతకం పెట్టింది, జట్టు పాసైంది. డిజైన్ విభాగం నుంచి వయసు దాటిందని ఉత్తరం వచ్చింది.

కొన్నాళ్లకి ఆ విభాగం అధికారే వర్క్‌షాపుకి దిగొచ్చాడు. చేతిలో కొత్త ఉపగ్రహం బరువుల పట్టిక, అందులో తీగల గడి ఖాళీ. నువ్వు తూచి చెప్పమ్మా, మేం రాసుకుంటాం అన్నాడు.

"తూస్తాను సార్. పట్టిక తయారుచేసినవాళ్లలో నా పేరు వేసి, సంతకానికి చోటు పెట్టి తీసుకురండి. అప్పటిదాకా ఆ గడి ఖాళీగానే ఉంటుంది."

ఆయన పట్టిక మడిచి పట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పట్టిక మళ్లీ వచ్చింది, ఆవిడ పేరుతో, సంతకం గడితో. తీగలక్క అప్పుడు లేచి త్రాసు తీసింది.