చూడనిదానికి సంతకం పెట్టని అయ్యవారు

మా బయాలజీ అయ్యవారు పోయినారని ఆత్మకూరు బస్సు కండక్టరు మా అంగడి ముందర దిగి చెప్పినాడు. నేను నమ్మలేదు. ఆ కండక్టరు మీద నేను చేసిన ఘనకార్యాలు రెండు మూడు ఉండాయి. ఒకసారి బస్సు దుత్తలూరు దగ్గర చెడిపోయింది, ఈ పూట రాదు అని చెప్పి ఆ కండక్టర్ను మధ్యాహ్నం దాకా ఇంట్లో పడుకోబెట్టినాను. ఇప్పుడు ఆ కసి తీర్చుకుంటున్నాడనుకున్నాను.

"నువ్వు చూసినావా, విన్నావా?" అని నిలదీసినాను.

"విన్నాను" అన్నాడు.

విన్నదాన్ని నమ్మొద్దని నాకు నేర్పిన మనిషి చావు కబురు అది. వెనకొచ్చిన బస్సెక్కి ఆత్మకూరు పోయినాను. వీధిలో జనం ఉండారు. అరుగు మీద ఎవరో ఏడుస్తుండారు. అయినా నా అనుమానం పోలేదు. ఆయన భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే ఆమె, గుమ్మం లోపల నుంచి నన్ను చూసింది. "రా అబ్బయ్యా, దగ్గరికొచ్చి చూసుకో. ఆయనైనా అట్టనే చేసుండేవాడు" అన్నది. దగ్గరికి పోయి చూసినాను. అప్పుడు నమ్మినాను.

నేను ఇంటర్మీడియెట్ తప్పినవాణ్ణి. ఉదయగిరి బజారులో మూలికల అంగడి నాది, మా నాయన పెట్టింది. అయ్యవారి దగ్గర చదివి డాక్టర్లయినవాళ్ళు, ఆఫీసర్లయినవాళ్ళు చాలామంది ఉండారు. వాళ్ళు రాస్తే ఆయన్ను దేవుడని రాస్తారు. ఆయన దేవుణ్ణి కూడా ఏదీ చూపించు అనే రకం. అందుకని ఆ మహానుభావుల కంటే ముందు నేనే రాస్తుండాను. నా తెలుగులో తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి. నా ఇంగ్లీషు అయితే దిద్దినా బాగుపడేది కాదు, ఆ కథ చివర్లో వస్తుంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు నన్ను నెల్లూరులో కాలేజీలో చేర్పించినాడు మా నాయన. కొడుకు డాక్టరవుతాడని బజారంతా చెప్పుకున్నాడు. బొగ్గుతో నడిచే బస్సులో ఉదయగిరి నుంచి నెల్లూరు చేరేసరికి మొహం కనపడేది కాదు, పళ్ళు మాత్రమే కనపడేవి. ఆ మొహంతోనే మొదటి రోజు బయాలజీ క్లాసుకు పోయినాను. చెట్లూ అయ్యవారే చెప్పేవాడు, కప్పలూ ఆయనే చెప్పేవాడు. సన్నగా, కందికట్టెలాగా ఉండేవాడు. పంచె, నల్లకోటు, చంకలో గొడుగు. ఆయన సొంతూరు ఆత్మకూరు. శనివారం సాయంత్రం మా ఉదయగిరి బస్సులోనే ఇంటికి పోయేవాడు, కండక్టరిచ్చిన టికెట్టును అటూ ఇటూ తిప్పి చదివి గానీ జేబులో పెట్టుకునేవాడు కాదు.

హాజరు పిలిస్తే "ఎస్ సార్" అంటే చాలదు, తలెత్తి మొహం చూసేవాడు. కప్పను కోసేటప్పుడు ముందు అది చచ్చిందో లేదో మూడుసార్లు చూసేవాడు. పుస్తకంలో ఉన్న బొమ్మ కూడా ఆయనకు అనుమానమే. "గీసినవాడు చూసి గీసినాడో, ఇంకొకడి బొమ్మ చూసి గీసినాడో మనకేం తెలుసు?" అనేవాడు.

ఒకరోజు ఉల్లిపొరను, మా ఊళ్ళో అయితే ఎర్రగడ్డ పొరను, మైక్రోస్కోపు కింద పెట్టి, చూసింది చూసినట్టు గీయమన్నాడు. క్లాసులో అందరూ పుస్తకంలో ఉన్నట్టు ఇటికెల గోడ గీసినారు. నాకు ఒక నల్లటి కొడవలి కనపడింది. కొడవలే గీసినాను. ఆయన వచ్చి నా కాగితం చూసి, గొట్టంలోకి చూసి, నా మొహంలోకి చూసినాడు.

"ఇది నీ కంటిరెప్ప వెంట్రుక" అన్నాడు.

"కనపడింది గీసినాను సార్."

"అవును. ఈ క్లాసులో చూసి గీసినవాడివి నువ్వొక్కడివే. మార్కు మాత్రం ఇవ్వను."

ఆ తరువాత శెలవుల్లో ఇంటికి పోయి, సెల్లులు చూసినామని మా నాయనకు గొప్పగా చెప్పినాను. ఆయన శొంఠి తూకం వేస్తుండినాడు.

"సెల్లులా? ఆ ఉద్యమాలన్నీ అయిపోయినాయి గదరా. ఇంకా ఎవర్ని పెట్టుండారు జైల్లో?"

"జైలు కాదు నాయనా. ఎర్రగడ్డలో."

"ఎర్రగడ్డను ఎందుకు పెట్టినార్రా జైల్లో?"

పొరలో సన్నసన్నటి గదులుంటాయి, వాటినే సెల్లులంటారు అని విడమరిచి చెప్పినాను. మా నాయన ఒక గడ్డ తెచ్చి, పొర ఒలిచి, వెలుగుకు పట్టి చూసినాడు. "ఒక్క గదీ లేదు. ఆ అయ్యవారు నీకేందో ఎక్కిస్తుండాడు. జాగర్తగా ఉండు" అన్నాడు. కప్పను కోసిన చేత్తో త్రిఫలచూర్ణం ముట్టుకోవద్దని కూడా అన్నాడు.

ఈ ఇద్దరు అనుమానపు మనుషుల మధ్య పెరిగిన నేను ఊరికే ఉంటానా? మాకు ఎండబెట్టిన మొక్కల పుస్తకం ఒకటి చెయ్యాల. ఒక్కో కాగితానికి ఒక్కో మొక్క, కింద పేరు, దొరికిన చోటు. నేను కానుగ రెమ్మకు తంగేడు పూలు అతికించి, "కొత్త జాతి, ఉదయగిరి కొండ" అని రాసి పెట్టినాను. ఆయన భూతద్దం తియ్యలేదు. కాగితం ఎత్తి అతుకు మీద నాలిక పెట్టినాడు.

"తుమ్మబంక. మంచి సరుకే. మీ అంగటిదేనా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వినాను. ఆయన నవ్వలేదు. "చెట్టుకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు అబ్బయ్యా. నీకుండాది. అందుకే చెట్టును వదిలి నిన్ను చూస్తాను" అన్నాడు. ఆ మాట అప్పట్లో నాకు తమాషాగా ఉండింది.

రెండో ఏడు వానలకు నేను ఉదయగిరి కొండెక్కినాను. కోటగోడ పక్కన బండల సందులో ఒక తీగ కనపడింది. కింద ఆకులు తమలపాకు మాదిరి ఉండాయి. పైకి పోయేకొద్దీ అదే తీగకు, అదే కాడకు, మూడు వేళ్ళు చాపినట్టు చీలిన ఆకులు. ఒట్టేసి చెప్తుండాను, అతికించింది కాదు. కొండ దిగి మా నాయనకు చూపిస్తే, "ఇది మన అంగట్లో లేదు, కాబట్టి లేదు" అన్నాడు. ఎండబెట్టి పుస్తకంలో పెట్టినాను. నా జన్మలో నిజాయితీగా చేసిన పని అదొక్కటే అనుకోండి.

పరీక్షలు దగ్గరికొచ్చినాయి. ఆ పుస్తకం మీద అయ్యవారి సంతకం లేకపోతే ప్రాక్టికలు పరీక్షకు రానివ్వరు. ప్రాక్టికలు లేకపోతే ఇంటర్మీడియెట్ లేదు, డాక్టరు లేడు, బజారులో మా నాయన మొహమెత్తుకునేది లేదు. అయ్యవారు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆ తీగ దగ్గర ఆగినాడు. ముక్కు దాకా తెచ్చుకుని చూసినాడు. నాలిక పెట్టినాడు. ఏ రుచీ తగల్లేదు.

"ఈసారి బంక మార్చినావా?"

"లేదు సార్. అది నిజం."

బ్లేడు తీసినాడు. "కాడ కోసి చూస్తే తెలుస్తాది. కోస్తే ఇంక నీ మొక్క పనికిరాదు. ఏం చెయ్యమంటావు?"

"కొయ్యండి సార్" అన్నాను వెంటనే.

బ్లేడు కింద పెట్టినాడు. "ఇంత తొందరగా కొయ్యమంటుండావంటే, కోసినా దొరకనట్టు చేసుంటావు" అన్నాడు. పుస్తకం మూసి నా చేతికిచ్చినాడు. సంతకం లేదు. "చూడనిదానికి నేను సంతకం పెట్టను. ఎక్కడుండాదో చూపించు."

నాకు ఏడుపొచ్చింది. ఒక సంగతి చెప్పాల. ఆయన నామీద కక్ష కట్టినాడని, నన్ను తప్పించడానికే ఈ వేషమంతా అని అప్పుడు గట్టిగా అనుకున్నాను. హాస్టల్లో అందరికీ అట్లాగే చెప్పినాను. నమ్మినవాడు ఒక్కడూ లేడు, ఎందుకంటే చెప్పింది నేను.

శివరాత్రి శెలవులకు ఆయన నిజంగానే ఉదయగిరి వచ్చినాడు. అదే కోటు, అదే గొడుగు. కొండెక్కేటప్పుడు నేను ముందు పోతే వెనకనుంచి నా చేతులు చూస్తుండినాడు, ఏమన్నా జారవిడుస్తానేమోనని. కోటగోడ దగ్గర చూస్తే తీగ లేదు. ఎండకు మాడి, పురికొస మాదిరి ఒక పోగు మిగిలుండాది. ఆయన గొడుగు కొనతో ఆ పోగును కదిలించి నా మొహం చూసినాడు. ఆ చూపే నాకు తిట్టినట్టయింది. నేను గోళ్ళతో, రాయితో తవ్వినాను. జానెడు లోతులో చామదుంపంత దుంప తగిలింది.

ఆయన దాన్ని అరచేతిలో తిప్పి చూసినాడు. "ఇది నువ్వు నిన్న వచ్చి పాతిపెట్టలేదని ఏంది నమ్మకం?"

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. "పాతిపెట్టినాను సార్. దుంపే కాదు, ఈ కొండ కూడా నేనే తెచ్చి పెట్టినాను" అన్నాను.

ఆయన పెదవి చివర కొంచెం కదిలింది. "ఆ మాట మాత్రం నమ్మబుద్ధి అవతా ఉండాది" అన్నాడు. దుంపను రుమాల్లో మూటకట్టి ఆత్మకూరు తీసకపోయినాడు. కుండీలో నాటుతాననీ, మా మొక్కల పుస్తకాలు పరీక్షకు పంపే గడువు లోపల మొలకెత్తి ఆకు వేస్తే చూసి సంతకం పెడతాననీ చెప్పినాడు.

గడువు ఇంకా మూడు ఆదివారాలు. చదువుకోమని కాలేజీ వాళ్ళు శెలవులిచ్చినారు. నేను చదువు పక్కన పడేసి ప్రతి ఆదివారం ఆత్మకూరు పోయేవాణ్ణి. మొదటి ఆదివారం కుండీలో మట్టి తప్ప ఏమీ లేదు. కుండీ చుట్టూ తెల్లగా పిండి గీత కనపడింది. అమ్మగారు ముగ్గు వేసిందనుకున్నాను.

"నేను కాదబ్బయ్యా. ఆయన చల్లినాడు. ఎవరన్నా వచ్చి దుంప మారిస్తే అడుగులు పడతాయంట" అన్నదామె మజ్జిగ ఇస్తూ. "పెళ్ళిచూపులకొచ్చినప్పుడు నా వయసు పదిహేను అని మా నాయన చెప్తే, పళ్ళు చూపించమన్నాడు ఈ మనిషి."

రెండో ఆదివారమూ మట్టే. ఇక ఈయన నీళ్ళు పొయ్యడం లేదని నాకు అనుమానం పట్టుకుంది. ఆయన పెరట్లోకి పోయినప్పుడు కుండీలో వేలు పెట్టి చూసినాను. తడిగానే ఉండాది. వేలు తీసేలోపల ఆయన గుమ్మంలో నిలబడి చూస్తుండాడు. "లోపలికి ఎంత పోయింది?" అని అడిగినాడు. "ఒక కణుపు సార్." "మొలక తగల్లేదు గదా?" ఆ అడగడంలో అనుమానం లేదు, భయం ఉండాది. నాకంటే ఆయనకే తొందరగా ఉందని మొదటిసారి తోచింది. నేను దాన్ని కూడా నమ్మలేదు.

మూడో ఆదివారం పోయేసరికి మొలకొచ్చింది. జానెడు తీగ, ఒకే ఒక్క ఆకు. తమలపాకు మాదిరి. చీలిన ఆకు రావాలంటే ఇంకా నెల పడుతుంది. మర్నాడే పుస్తకాలు పంపాల. నేను కుండీ ముందర కూలబడినాను. ఆయన ఆకు ముందు వంగి చాలాసేపు చూసినాడు. ఆ తరువాత నా సంచిలో ఉన్న మొక్కల పుస్తకం తియ్యమని, కలం తీసి, ఆ పేజీ కింద ఇంగ్లీషులో రాసినాడు. నేను కూడబలుక్కుని చదువుకున్నాను. తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: మొదటి రకం ఆకు నేను చూసినాను. రెండో రకం ఆకు విద్యార్థి చూసినానని చెప్పినాడు. అతన్ని నమ్మకపోవడానికి నాకు కారణం కనపడలేదు.

కింద సంతకం.

నమ్ముతుండానని రాయలేదు చూడండి. ఆయన చేతి నుంచి అంతకంటే ఎక్కువ రాదు. నేను మాత్రం బస్సులో పోతూ, పరీక్షకొచ్చే పెద్దమనిషి నన్ను పట్టుకోవడానికి వేసిన ఉచ్చు ఇది అనుకున్నాను. ఆ వచ్చినాయన ఆ పేజీ రెండుసార్లు చదివి, నా మొహం ఒకసారి చూసి, "మీ లెక్చరరు ఇంకెవరికైనా ఇట్లా రాసినాడా?" అని అడిగినాడు. లేదన్నాను. నన్ను ఇంకేమీ అడగలేదు.

ఫలితాలొచ్చినాయి. బయాలజీలో క్లాసుకు రెండోవాణ్ణి. ఇంగ్లీషులో పోయినాను, చాలా దూరంతో పోయినాను. మా నాయన ఆ రోజంతా అంగడి తియ్యలేదు. మళ్ళీ రాయించే ఓపిక ఆయనకు లేదు, నాకు సిగ్గు. అక్కడితో నా డాక్టరీ అయిపోయింది.

మార్కుల కాగితం పట్టుకుని ఆత్మకూరులో దిగినాను. తీగ కుండీ దాటి, కిటికీ ఊచలు పట్టుకుని పైకి పోయుండాది. పైన ఆకులన్నీ మూడు వేళ్ళుగా చీలుండాయి. నేను చూసినాను. నేను చూడటం ఆయన చూసినాడు. దాని గురించి ఇద్దరం మాట్లాడలేదు. తరువాత పాతికేళ్ళలో ఎన్నోసార్లు కలుసుకున్నాం, అప్పుడూ మాట్లాడలేదు. ఆ మొదటి చీలిన ఆకు వచ్చిన రోజు ఈయన అన్నం మానేసి దాని ముందరే కూర్చున్నాడని అమ్మగారు చెప్పింది. అదీ నేను విన్నదే, చూసింది కాదు.

"సార్, తప్పినాను" అన్నాను.

"పోరా. ఇదొక తమాషానా?"

"నిజం సార్. ఇంగ్లీషులో."

"నీ మాట నమ్మమంటావా?"

కాగితం ఇచ్చినాను. చదివినాడు. తిప్పి వెనకవైపు చూసినాడు. అంకె మీద గోటితో గీకినాడు, చెరిపి రాసుంటానేమోనని. నా పేరు, నంబరు వేలు పెట్టి చూసుకున్నాడు. ఆ కాగితంలో ఎక్కడో ఒకచోట నా చెయ్యి ఉండాలని, ఇది నేను చేసిన అల్లరే అయ్యుండాలని వెతుకుతుండాడు. నేను అరుగు మీద కూర్చుండినాను. ఆయన వాకిట్లోకి దిగి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితాన్ని రెండు చేతులా పైకెత్తి ఎండకు పట్టినాడు. ఉదయగిరి బస్సు హారను వినపడింది, పోయింది. ఆయన చేతులు దించలేదు.