ముప్పై ఒకటో పేజీలో మా చేను

1954. ఆదోని తాలూకా బళ్లారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలో చేరిన మరుసటి సంవత్సరం. పత్తి ప్రెస్సుల వైపు పోయే దారిలో, ఒక గుడ్డల అంగడి మిద్దె మీద, గఫార్ సాబు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆరు మిషన్లు, వాటిలో రెండు ఎప్పుడూ రిపేరులోనే. నేను అక్కడే టైపు నేర్చుకుని, అక్కడే జాబ్ వర్కుకు కుదిరాను. జాబ్ వర్కు అంటే బయటివాళ్ల కాగితాలు టైపు చేసిపెట్టడం: అర్జీలు, దస్తావేజుల నకళ్లు, మిల్లుల ఉత్తరాలు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. నాన్న కోసిగి దగ్గర మా ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు. నేను ఆదోనిలో మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగిలేది కాదు. మిషను ముందు కూర్చుంటే మాట్లాడాల్సిన పని లేదు. అందుకే ఆ పని నచ్చింది.

ఆ సంవత్సరం నాకు ఒక ఊరి మీద అసూయ పుట్టింది. నేను చూడని ఊరు, ఎన్నటికీ చూడబోని ఊరు.

ఒక ఉదయం గఫార్ సాబు ఒక గుడ్డమూట తెచ్చి నా బల్ల మీద విప్పాడు. లోపల పెన్సిలుతో రాసిన కాగితాల కట్ట.

"బేటీ, ఎమ్మిగనూరు దొరసానమ్మ పంపించినారు. ఏదో వీధి గురించి పుస్తకమంట. నెదర్ వీధి. పుట్టినప్పట్నుంచీ ఈ ఊర్లోనే ఉండాను. ఆదోనిలో నాకు తెలీని వీధి యాడుందమ్మా?"

నేను మొదటి కాగితం చూశాను. "వీధి కాదు సాబ్, ఊరు. పేరు నెదర్ విదీ. ఇంగ్లండులో ఉంది."

"ఊరి పేరే వీధా! మరి ఆ ఊర్లో వీధిని ఏమంటారో?" అని నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు.

దొరసానమ్మ అంటే మిస్ హార్లో. ఎమ్మిగనూరులో క్రైస్తవ మిషను బడి ఆడపిల్లలకు చాలా ఏళ్లు చదువు చెప్పి మానుకున్న ముసలామె. కళ్లకు పొర కమ్మింది. ఆ కొంచెం చూపు కూడా పోయేలోగా తను పుట్టిన ఊరి చరిత్రా భూగోళమూ రాసి ముగించాలని ఆమె పట్టుదల. రాసింది టైపు అయ్యాక ఒక కాపీ ఇంగ్లండు వెళ్లబోయే మిషను ఆసుపత్రి డాక్టరమ్మ చేతికిచ్చి ఆ ఊరి పాదిరి గారికి చేర్చాలి. అక్షరాలు గుమ్మడికాయలంత ఉండేవి, ఒక వరస మీద ఇంకో వరస ఎక్కేది. మిగతావాళ్లు వద్దన్న పని నాకొచ్చింది.

పై కాగితం కింద రెండు కార్బన్లు, రెండు పల్చటి కాగితాలు పెడితే ఒక్క దెబ్బకు మూడు కాపీలు పడతాయి. తప్పు పడితే మాత్రం మూడింటినీ విడివిడిగా రబ్బరుతో చెరిపి దిద్దాలి. పైది దిద్దినంత మాత్రాన కిందివి దిద్దుకోవు. గఫార్ సాబు మొదటి రోజు నేర్పిన పాఠం ఇది.

నెదర్ విదీలో ఇళ్లు నలభై మూడు. మా ఊరికంటే చిన్నది. ఒక సున్నపు గుట్ట, గుట్ట కింద వాగు, వాగు మీద ఒక పిండిమర, ఒక చర్చి. అంతే. ఆ అంతేకు నూట ముప్పై పేజీలు. వాగు చలికాలంలో పారి ఎండాకాలం ఎండిపోతుందట. దానికి పన్నెండు పేజీలు. ఏ సంవత్సరం ఏ నెలలో నీళ్లు వచ్చాయో పాదిరులు రాసిపెట్టారు. రెండువందల ఏళ్ల కింద గడ్డివామి మీది నుంచి పడి చచ్చిపోయిన దర్జీ పేరు కూడా చర్చి రిజిస్టరులో ఉంది. మా ఊళ్లో మా తాత తండ్రి పేరేమిటని అడిగితే నాన్నకే కాసేపు పట్టేది.

ఆ రోజు డైరీలో రెండే వాక్యాలు రాసుకున్నాను. "వాళ్ల వాగుకు పన్నెండు పేజీలు. మా వంకకు పేరైనా లేదు."

శనివారాలు బస్సులో ఎమ్మిగనూరు వెళ్లేదాన్ని, కంపేరింగుకు. టైపు చేసినదాన్ని అసలుతో సరిచూసుకోవడాన్ని మా పనిలో అలా అంటారు. దొరసానమ్మకు చూపు ఆనదు కనుక ఒకరు పైకి చదవాలి, ఆమె వినాలి. ఆ చదివే మనిషి నేను కాదు, రూతమ్మ.

రూతమ్మకు నా వయసే. మిషను బడిలో చదివి దొరసానమ్మ దగ్గరే ఉండిపోయింది. వాళ్లది మా పక్క పల్లె. వాళ్లమ్మ ఎస్తేరమ్మ మా చేలల్లో కూలికి వచ్చేది, మా అమ్మను "అమ్మయ్యా" అని పిలిచేది. రూతమ్మ మాత్రం నన్ను మొదటి రోజే పేరు పెట్టి పిలిచి, "ఏం సుభద్రా, బస్సులో సీటు దొరికిందా?" అంది. అందులో తప్పేమీ లేదని నాకు తెలుసు. అయినా దారంతా గుచ్చుకుంది. ఆమె ఇంగ్లీషు గలగలా చదివేది. దొరసానమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని, "ఈమె నా కన్నులు" అనేది. నేను స్టూలు మీద, కాగితాలు ఒళ్లో పెట్టుకుని, బయట మగ్గాల చప్పుడు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. ఆ కాగితాల్లో ప్రతి అక్షరం నా వేళ్ల మీదుగానే వచ్చింది. వినిపించేది మాత్రం ఆమె గొంతు.

ముప్పై ఒకటో పేజీ పొలాల పేర్లది, దొరసానమ్మ అన్నిటికంటే చివర రాసి పంపింది. ఆ ఊళ్లో ప్రతి పొలానికీ ఒక పేరుంది, చర్చిలో ఊరి పటం మీద రాసి ఉందట. లాంగ్ మీడ్, గూస్ మీడ్, బ్రాడ్ మీడ్, ఇలా. మీడ్ అంటే వాళ్ల పాత మాటలో గడ్డి కోసే పచ్చికబయలు. మంచి టైపిస్టు కళ్లు కాగితం మీదే ఉండాలి, వేళ్ల వైపు చూడకూడదు. నా కళ్లు కాగితం మీదే ఉన్నాయి. బ్రాడ్ మీడ్ తర్వాత వేళ్లు బండ మీడ్ కొట్టాయి.

బండమీద అనేది మా నాన్న చేను పేరు. చేనంతా ఒక పెద్ద బండ చుట్టూ ఉంటుంది కనుక, "బండమీద కలుపు పడింది", "బండమీద జొన్న బాగుంది" అనేవాళ్లు. వేళ్లు వాటంతటవే కొట్టాయని గఫార్ సాబుకైతే చెప్పి ఉండేదాన్ని. ఆ తర్వాత రబ్బరు చేతిలోకి తీసుకుని మళ్లీ బల్ల మీద పెట్టింది మాత్రం నేనే. వాళ్లకు అన్ని పొలాలున్నాయి. ఒక్కటి మాది ఉంటే ఏం?

ఆ శనివారం రూతమ్మ చదువుతోంది. సోమవారం రైలుకు డాక్టరమ్మ బొంబాయి వెళుతోంది, అక్కడి నుంచి ఓడ. "లాంగ్ మీడ్. గూస్ మీడ్. బ్రాడ్ మీడ్. బండమీద."

సరిగ్గా మా ఊళ్లో పలికినట్టే పలికింది. పలికాక ఆగి నావైపు చూసింది.

దొరసానమ్మ తల ఎత్తింది. ఆమె తెలుగు బైబిలు తెలుగు. "ఆ పేరు మరల చదువుము."

"బండ మీడ్, దొరసానీ."

"అట్టి పొలము మా గ్రామమున నున్నట్టు నాకు జ్ఞాపకము లేదు. నేను వ్రాసితినా?"

ఇన్‌స్టిట్యూట్‌కు చెడ్డపేరు, గఫార్ సాబు ముఖం, మేనత్త ఇల్లు, మళ్లీ ఊరు. అన్నీ ఒక్కసారే కనిపించాయి.

"టైపు తప్పు, దొరసానీ," అంది రూతమ్మ. "సుభద్ర దిద్దుతుంది."

"దిద్దవలెను. వ్రాత తప్పిన యెడల ఊరు తప్పిపోవును."

బస్సు కోసం వరండాలోకి వస్తే రూతమ్మ వెంట వచ్చింది. నవ్వు ఆపుకుంటోంది.

"పాపం వాళ్ల ఊర్లోకి మన సేను తోలేసినావే!"

"మన చేను కాదు. మా నాన్నది."

"మీ నాయనదే, కాదన్నానా? మాయమ్మ ఆడ కలుపు తీసి తీసి ఈపు వంగిపోయినాది. బండ నడిమిట్ల గుంత ఉండాది సూడు, వాన కురిస్తే నెల దినాలు నీళ్లు ఉంటాయి. మధ్యాన్నం అందరూ ఆడే తాగేది."

గుంత సంగతి నాకు తెలియదు. చేను పేరు తప్ప నాకు ఏమీ తెలియదు. చిన్నప్పుడు గట్టు మీద నిలబడి చూశానేమో, అంతే.

"బండమీద ఒకటేనా?" అంటూ వేళ్లు మడిచింది. "దాని పక్కన గుర్రంగుంత. ఆపక్క ముండ్లసేను. వంక దాటితే పిచ్చమ్మ చెక్క. రాయాలంటే నీ కాగితాలు సాలవు."

"ఇవన్నీ ఎక్కడ రాసిపెట్టుకున్నావ్?"

"రాసేదేముంది? ఎండలో నడిస్తే కాళ్లకే తెలుస్తాది."

దొరసానమ్మ ఆమెదే, ఇంగ్లీషు ఆమెదే. ఇప్పుడు మా చేను కూడా ఆమెదే అయిపోయింది. ఆ కోపంలోనే ఆదోని చేరి, ఆ కోపంలోనే పై కాపీలో పేరు చెరిపాను. కార్బన్ కాపీలు దిద్దానా లేదా అని తిరిగి చూసుకోలేదు. సోమవారం డాక్టరమ్మ ఆదోని స్టేషనుకు పోతూ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఆగి, సామాను బరువని, పల్చటి కాగితాల కట్టే కావాలని పట్టుకుపోయింది.

నాలుగైదు నెలలకు కబురొచ్చింది, దొరసానమ్మ రమ్మంటోందని. నేను వెళ్లేసరికి ఆమె ఒళ్లో ఇంగ్లండు ఉత్తరం ఉంది. రూతమ్మ దాన్ని నాకు కూడా చదివి వినిపించింది. ఆ ఊరి పాదిరి గారు రాశారు. పుస్తకం ఊరంతా చదివారట. ఒక్క బండ మీడ్ మాత్రం పాత పటం మీద దొరకలేదట. అయితే ఊళ్లో అందరికంటే పెద్దాయన అది తనకు బాగా తెలుసన్నాడట. వాగు అవతల ఉండేదట, చిన్నప్పుడు అక్కడ గడ్డి కోశాడట, ఇప్పటివాళ్లు మరచిపోయారట. అందుకని చర్చి పటం మీద పెన్సిలుతో ఆ పేరు రాసి పెట్టారట.

తర్వాత దొరసానమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఆ వృద్ధుడు నాతో కూడ బడిలో చదివినవాడు. అప్పుడును ఇట్లే చెప్పెడివాడు." నవ్వు ఆగాక ముఖం నావైపు తిప్పింది. "సుభద్రా. ఆ పొలము ఎవరిది?"

నేను ఆమెతో సొంతంగా మాట్లాడిన మొదటి మాట అదే. "మా నాన్నది, దొరసానీ. కోసిగి దగ్గర. నేనే కావాలని పెట్టాను."

తిడుతుందని చూశాను. "అది ఎట్టి పొలము? చెప్పుము," అంది.

మా ఊరి గురించి అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. తీరా అడిగితే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. "ఒక బండ ఉంటుంది," అన్నాను. అక్కడితో ఆగిపోయాను.

రూతమ్మే చెప్పింది. గుంత, గుంతలో నీళ్లు, మధ్యాహ్నం నీడ ఏ పక్కకు వస్తుందో. "మాయన్న ఆ బండ మీదే పుట్టినాడు దొరసానీ. జొన్న కోత దినాలు. మాయమ్మకు ఇల్లు సేరేంత టైము లేకపోయె. తోటి ఆడోళ్లు సీరలు అడ్డం పట్టినారు. బిడ్డను ఆ గుంత నీళ్లతోనే కడిగినారు."

దొరసానమ్మ ఇంగ్లండు ఉత్తరం కోసం చెయ్యి చాపింది. "పాదిరి గారికి సత్యము తెలియవలెను. రూతు చెప్పినదంతయు ఒక ఉత్తరముగా నీవే వ్రాసి తెమ్ము. నేను సంతకము చేసెదను."

నేను రాశాను. నా బతుకులో అంత శ్రద్ధగా టైపు చేసిన కాగితం ఇంకోటి లేదు. నెదర్ విదీలో బండ మీడ్ లేదని, అది కోసిగి దగ్గర టైపిస్టు తండ్రి చేను అని, బండ ఉందని, గుంత ఉందని. ప్రసవం దగ్గరకు వచ్చాక "ఒక కూలి స్త్రీ" అని కొట్టాను. ఎస్తేరమ్మ పేరు నాకు బాగా తెలుసు. ఉత్తరం అడుగున ఎడమ పక్క రెఫరెన్స్ వేయడం మా పద్ధతి, చెప్పినవారి పొడి అక్షరాలు, గీత, టైపు చేసినవారి పొడి అక్షరాలు. చెప్పినవారి చోట దొరసానమ్మవి వేశాను, పక్కన నావి. రూతమ్మకు చోటు లేదు.

శనివారం ఆ ఉత్తరాన్ని రూతమ్మే పైకి చదివింది. "ఒక కూలి స్త్రీ" దగ్గర ఆమె గొంతు ఒక్క క్షణం ఆగింది. ఈసారి నావైపు చూడలేదు. చివరిదాకా చదివి, దొరసానమ్మ చెయ్యి పట్టి సంతకం చోటు చూపించింది. ఉత్తరం టపాలో పోయింది. తర్వాతి వర్షాలకు దొరసానమ్మ చనిపోయింది. రూతమ్మ ఏదో ఊరి బడిలో టీచరుగా చేరిందని విన్నాను.

ఇది జరిగి నాలుగేళ్లు. ఇప్పుడు ఎవరు కాగితం తెచ్చినా, టైపు మొదలుపెట్టే ముందు ఇది ఎవరు చెప్పిన మాట అని అడుగుతాను, ఆ పేరు చెప్పిందాకా మిషను ముట్టను. కొందరు విసుక్కుంటారు. "నీకెందుకమ్మా అదంతా?" అంటారు.

ఆ ఉత్తరం మూడో కాపీ నా డైరీలో ఉంది. "ఒక కూలి స్త్రీ" అన్నచోట పెన్సిలుతో ఎస్తేరమ్మ అని రాసుకున్నాను. అడుగున రూతమ్మ పేరు కూడా రాశాను. అది చూసిన ప్రతిసారీ గఫార్ సాబు మొదటి రోజు పాఠం గుర్తొస్తుంది. పైది దిద్దితే కిందివి దిద్దుకోవు. కింది కాపీని ఎంత దిద్దినా, పైది దిద్దుకోదు.