మడమ సిస్టర్

ప్రసూతి వార్డులో ఆమెను అందరూ మడమ సిస్టరనే పిలుస్తారు. పుట్టుకతో వచ్చే లోపాలను ముందే కనిపెట్టడానికి పసివాళ్ల మడమల్లో సూది గుచ్చి, అట్టముక్క మీద నాలుగు నెత్తుటి బొట్లు అద్దడమే ఆమె పని. గుచ్చేముందు బుల్లి పాదాన్ని అరచేతిలో వెచ్చబెడుతుంది. గుచ్చాక బిడ్డకంటే ముందు తనే "అమ్మో" అంటుంది. మొన్న ఒక పాపకు పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ లేదని రిపోర్టు వచ్చింది. తల్లి ఫోనెత్తకపోయేసరికి, డాక్టరిచ్చిన సోయా పాలపొడి డబ్బా పట్టుకుని సిస్టరే వాళ్లింటికి పరుగెత్తింది. అక్కడ తల్లి పాపకు పాలిస్తోంది.

"ఆపు తల్లీ! నీ పాలు దీనికి పడవు."

"నా పాలా? నేనేం తినకూడనిది తిన్నాను?"

"నీ తప్పేం లేదమ్మా. అరిగించుకునే శక్తి దీని ఒంట్లోనే లేదు. ఇప్పుడే తెలిసింది కాబట్టి గండం తప్పింది."

తల్లి పాపను సిస్టర్ చేతుల్లో పెట్టేసి, గోడవైపు తిరిగి ఏడ్చింది. "అయితే మీరే పట్టండి. నాతో ఇంకేం పని దానికి?"

సిస్టర్ డబ్బాలోని పొడితో పాలు కలిపి, సీసా తల్లి చేతికిచ్చి, పాపను మళ్లీ ఆమె ఒళ్లోనే పడుకోబెట్టింది. సీసా ఖాళీ అయ్యేదాకా పాప తల్లి వేలు వదల్లేదు.